వేపచెట్టు నీడలో ఆకుల తోట

డ్రాయింగ్ పీరియడ్‌లో 'తోట బొమ్మ వేయండి' అంటే మేమంతా ఒకేలా వేసేవాళ్లం. ముందు ఎర్ర గులాబీ, పక్కన పసుపు బంతి, ఇంకో మూల మందారం. ఆ తర్వాత మిగిలిన చోటంతా ఒక్క ఆకుపచ్చ క్రేయాన్‌తో గబగబా నింపేసేవాళ్లం. అలా నింపేసిన చోటు గురించే ఈ వ్యాసం.

మేము విదర్భలోని ఒక విద్యాలయంలో తొమ్మిదో తరగతి చదువుతున్న తెలుగు పిల్లలం. తోటపని బృందంలో ఎనిమిది మందిమి ఉన్నాం. మా అమ్మానాన్నలు రైల్వేలో, సైన్యంలో, బ్యాంకుల్లో, తపాలా శాఖలో పనిచేస్తారు. ఈ ఏప్రిల్‌లో మాలో ఐదుగురి ఇళ్లకు బదిలీ ఉత్తర్వులు వస్తాయని ఇప్పటికే తెలిసిపోయింది. మేము పెంచిన తోట మాతో రాదు. దాన్ని చూసుకోబోయేవాళ్లు ఎవరో మాకింకా తెలియదు. అందుకే రెండేళ్లలో చేసిన తప్పులతో సహా నేర్చుకున్నదంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. వేరే ఊళ్లో ఉండి ఈ పత్రిక చదివేవాళ్లకు కూడా ఇందులో కొంత పనికొస్తుంది. నీడపడే మూల లేని బడి ఉండదు కదా!

సైన్స్ ల్యాబ్‌కూ సైకిల్ స్టాండ్‌కూ మధ్య 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న చోటు మాది. పడమర వైపు పెద్ద వేపచెట్టు ఉంది. తూర్పు అంచున ఉదయం మూడు గంటలు ఎండ తగులుతుంది. మిగతా చోట రోజంతా నీడే. ఏడో తరగతిలో ఉన్నప్పుడు మేము అక్కడ ఎంతో ఉత్సాహంగా గులాబీలు, బంతి నాటాం. గులాబీకి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలని అప్పుడు మాకు తెలియదు. మొక్కలు వెలుతురు కోసం మెడ చాచినట్టు సన్నగా, పొడుగ్గా సాగాయి. ఆకులు పలచబడ్డాయి, మొగ్గలు రాలేదు. ఆపైన వేసవి సెలవులొచ్చాయి. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నలభై రోజుల తర్వాత వచ్చి చూస్తే పుల్లలు మిగిలాయి.

ఆ ఏడాదే ఒక రోజు బడి చూడడానికి పెద్దవాళ్లు వస్తున్నారని, ముందురోజు సాయంత్రం పూల కుండీలు అద్దెకు తెప్పించి ఆ మూలలో వరుసగా పేర్చారు. చూడముచ్చటగానే ఉంది. మర్నాడు సాయంత్రానికి కుండీలన్నీ మళ్లీ బండెక్కాయి. బండి గేటు దాటుతుంటే రెండో తరగతి పిల్లవాడొకడు మమ్మల్ని అడిగాడు: "అక్కా, వీటికి కూడా ట్రాన్స్‌ఫర్ అయ్యిందా?"

మేము నవ్వాం. ఆ మూల మాత్రం మళ్లీ ఖాళీ.

పత్రి సంచి చెప్పిన పాఠం

మాకు దారి చూపింది వినాయక చవితి. ఆ పండుగకు మన ఇళ్లలో ఇరవై ఒక్క రకాల పత్రితో పూజ చేస్తారు. పండుగ మర్నాడు మా తెలుగు టీచరుగారు ఒక గుడ్డసంచిలో పత్రి వేసుకుని క్లాసుకు తెచ్చారు. పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి. అవి విషపు మొక్కలు కాబట్టి ముందే తీసేశారు. మిగిలినవాటిలో ఇక్కడ దొరికినవి పదమూడు. కళ్లు మూసుకుని, సంచిలో చెయ్యి పెట్టి, వేళ్లకు తగిలిన ఆకు పేరు చెప్పాలి. అదీ ఆట.

మామిడాకు మందంగా, తోలులా తగిలింది. రావి ఆకు నున్నగా ఉండి చివర పొడవాటి తోకతో దొరికిపోయింది. మారేడు మూడు రేకులు కాబట్టి సులువు. జమ్మి ఆకులు మరీ చిన్నవి, కొమ్మకు ముళ్లు. రేగాకు పైన నునుపు, అడుగున తెల్లటి నూగు. దాన్ని మాలో ఒకరు రెండు వేరువేరు ఆకులనుకున్నారు! గరిక దారంలా ఉంది. మాచిపత్రి చీలికలు చీలికలుగా, మెత్తగా ఉంది. ఉత్తరేణి గరుకు. మరువం అయితే పేరు చెప్పాక కూడా వేళ్లను వదల్లేదు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచినా అదే వాసన.

ఆట అయ్యాక టీచరుగారు ఆకులన్నీ తెల్లకాగితం మీద పరిచి, "ఇందులో ఒక్క పువ్వయినా ఉందా? మరి ఇన్ని తేడాలు ఎలా తెలిశాయి?" అన్నారు. క్రేయాన్‌తో మేము ఒకే రంగు పూసిన చోట ఇన్ని సంగతులున్నాయని అప్పుడు తెలిసింది.

ఈ గుణాన్ని ఇంగ్లీషులో టెక్స్చర్ అంటారు. మేము దానికి 'నేత' అని పేరు పెట్టుకున్నాం. బట్టల కొట్లో గోనె, ఖద్దరు, మల్లు గుడ్డ ఒకే తెల్లరంగులో ఉన్నా చూడగానే తేడా తెలుస్తుంది కదా. ఆకులూ అంతే. అరటి, చేమ, బాదం ముతక నేత. మందారం, తులసి, మారేడు నడిమి నేత. చింత, ఉసిరి, జమ్మి, మునగ సన్న నేత. ఆకు ఎంత పెద్దదన్నది ఒక లెక్క. అంచు సాఫీగా ఉందా, రంపంలా ఉందా, చీలి ఉందా అన్నది ఇంకొకటి. పైభాగం మెరుస్తోందా, నూగుతో మసగ్గా ఉందా అన్నది కూడా చూడాలి. వేలితో తాకితే తెలిసే నేత, పది అడుగుల దూరం నుంచి కంటికి తెలిసే నేత ఒకటి కావు. మునగ ఆకు చేతిలోకి తీసుకుంటే చిన్న చిన్న గుండ్రటి రేకులు. దూరం నుంచి చెట్టంతా చూస్తే పచ్చటి పొగలా ఉంటుంది. తోట వేసేటప్పుడు దూరం నుంచి కనిపించే నేతే ముఖ్యం.

ఇది తేలిగ్గా తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఫోన్‌తో తోటను ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. రంగు పోతుంది. అప్పుడు కూడా మొక్కలు విడివిడిగా తెలుస్తుంటే నేతలు బాగా కుదిరాయన్నమాట. అంతా ఒకే బూడిద ముద్దలా కనిపిస్తే ఆ తోట పువ్వుల మీదే ఆధారపడి ఉంది. పువ్వులు రాలిన రోజున అక్కడ చూడడానికేమీ ఉండదు. మేము మా కాలనీలో ఐదారు తోటలను ఇలా ఫొటో తీశాం. ఎవరి తోట ఓడిపోయిందో మాత్రం రాయం, ఆ ఇంట్లో మాకు జామకాయలు ఇస్తారు.

ఎన్ని పచ్చలు!

తెలుగులో 'పచ్చ' మాట తమాషాది. ఆకుపచ్చ అంటాం, పసుపుపచ్చ అంటాం, చిలకపచ్చ అంటాం. పచ్చకామెర్లలో కనిపించే పచ్చ పసుపు రంగే. తాజాగా ఉన్నది పచ్చి, ఎండనిది పచ్చి, పండనిది పచ్చి. ఈ మాటలన్నీ పట్టుకుని తోటలోకి వెళ్తే కళ్లు బాగా పనిచేస్తాయి.

సైన్సు ప్రకారం కూడా మన కంటికి ఆకుపచ్చతో దగ్గరి చుట్టరికం ఉంది. పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికంటే చురుగ్గా పట్టుకునేది సుమారు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని. అది పసుపు కలిసిన ఆకుపచ్చ. ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆకుపచ్చను తక్కువ పీల్చుకుని వెనక్కి పంపుతుంది. అందుకే ఆకు పచ్చగా కనబడుతుంది.

ప్రతి ఆకూ ఒకేలా వెనక్కి పంపదు. నున్నగా, మైనం పూసినట్టుండే ఆకు అద్దంలా మెరుస్తుంది. అలాంటి ఆకులు నీడలో కాస్త వెలుగు తెస్తాయి. నూగున్న ఆకు కాంతిని చెదరగొట్టి బూడిదరంగు కలిసిన పచ్చగా కనిపిస్తుంది. ఆ నూగు అలంకారం కోసం కాదు. ఎండను కొంత తిప్పికొట్టడానికి, ఆకు చుట్టూ గాలిని నిలిపి నీరు ఆవిరి కాకుండా కాపాడుకోవడానికి. అంటే ఆకును తాకి చూస్తే అది ఎలాంటి చోట నుంచి వచ్చిందో కొంతవరకు చెప్పవచ్చు. మందంగా, గుజ్జుతో ఉంటే నీళ్లు దాచుకునే అలవాటు ఉన్నది. రావి ఆకు తోకలా చివర సాగి ఉంటే వాననీరు జారిపోవడానికి వీలుగా ఉన్నది. పెద్దగా, పలచగా ఉంటే నీడా నీళ్లూ కోరుకునేది. నర్సరీలో చీటీ చదివేముందు ఆకును చదవడం మాకిప్పుడు అలవాటైపోయింది.

లేత ఆకుల రంగూ వేరే. మామిడి చిగురు రాగిరంగులో వేలాడుతూ వస్తుంది, తర్వాత పచ్చబడుతుంది. ఆ ఎర్రదనం ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. పువ్వు లేకపోయినా చెట్టు రంగు మారుతుందంటే ఇదే.

మూలను పొడవు చేసిన కథ

నేతల గురించి తెలిసింది కాబట్టి తోట వచ్చేస్తుందనుకున్నాం. మొదటి తప్పు నర్సరీలోనే చేశాం. కనిపించిన ప్రతిదాన్నీ ఒక్కొక్కటి చొప్పున ఇరవై రెండు రకాలు కొన్నాం. నాటి చూస్తే సంతలో అంగళ్లలా ఉంది. ఎటు చూడాలో కంటికి తెలియడం లేదు. టీచరుగారు సగానికి పైగా రకాలు తీయించి, మిగిలినవాటిని ఒక్కో రకం మూడేసి, ఐదేసి గుంపులుగా నాటించారు. ఒకే ఆకు ఒకచోట గుంపుగా ఉంటేనే దాని నేత తెలుస్తుంది. ఒక్క నూలుపోగును చూసి చీర ఎలా ఉంటుందో చెప్పలేం కదా.

రెండో తప్పు అరటి. 'పెద్ద మొక్క కాబట్టి వెనక ఉండాలి' అని అరటి, చేమ రెండింటినీ చివరి గోడ దగ్గర పెట్టాం. తరగతి ఫొటోలో పొడుగువాళ్లను వెనక నిలబెట్టినట్టు! చూస్తే ముప్పై అడుగుల మూల పదిహేను అడుగులకు కుంచించుకుపోయినట్టు అనిపించింది. గోడ మీదికి వస్తున్నట్టుంది. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు.

సెలవులకు ఊరికి వెళ్తూ రైలు కిటికీలోంచి చూస్తుంటే మాలో ఒకరికి తట్టింది. పట్టాల పక్కన ఉన్న చెట్టు ఆకులు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. పొలం అవతలి చెట్లవి ఆకులుగా కనిపించవు, నలిగిన పచ్చదనంలా కలిసిపోతాయి. కాబట్టి పెద్దగా, స్పష్టంగా కనిపించేది దగ్గరున్నదని, సన్నగా కలిసిపోయి కనిపించేది దూరాన ఉన్నదని మన కంటికి చిన్నప్పటి నుంచి అలవాటు. ముతక ఆకు ముందుకు వచ్చినట్టు, సన్న ఆకు వెనక్కి జరిగినట్టు అనిపించేది అందుకే. తోటలు వేసేవాళ్లు ఈ కిటుకును ఎప్పటినుంచో వాడుతున్నారు. చిన్న చోటు పెద్దదిగా కనిపించాలంటే ముతక ఆకులు చూసేవారి దగ్గర, సన్న ఆకులు చివరన పెట్టాలి. పెద్ద మైదానం మరీ బోసిగా ఉంటే దీనికి తిరగేసి చేయాలి.

వానాకాలంలో మొక్కలు మార్చాం. ల్యాబ్ మెట్ల పక్కన, అంటే చూసేవారి దగ్గర, అరటి ఒకటి, చేమ ఐదు. వాటి వెనుక పసుపు. పసుపు మొక్కను వంటింటి సరుకుగానే చూస్తాం కానీ దాని ఆకు ఎంత అందమో! ఏటవాలు ఈనెలతో ఇస్త్రీ చేసిన గుడ్డలా నిటారుగా లేస్తుంది. మధ్యలో వాము ఆకు మెత్తటి గుబురుగా, దాని పక్కనే స్నేక్ ప్లాంట్ కత్తుల్లా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడమే మేము చేసినవాటిలో మాకు బాగా నచ్చింది. గుండ్రం పక్కన నిలువు, మసక పక్కన మెరుపు. విడివిడిగా ఉంటే రెండూ మామూలు మొక్కలే. చివరి గోడకు శతావరి తీగ, దాన్నే మన పల్లెల్లో పిల్లిపీచర అంటారు. దూరం నుంచి పచ్చటి పొగమంచులా ఉంటుంది. సూదుల్లా కనిపించేవి నిజానికి ఆకులు కావు, ఆకు పని చేసే సన్నటి కొమ్మలు. దానికి ముళ్లుంటాయి కాబట్టి చిన్నపిల్లల చేతికి అందని గోడవైపే సరైన చోటు. తూర్పు అంచున ఎండ ఉంది కనుక అక్కడ నిమ్మగడ్డి, కలబంద, క్రోటన్లు, గోరింట కంచె. క్రోటన్లను ముందు నీడలో పెట్టాం. రెండు నెలల్లో ఎరుపు, పసుపు తగ్గిపోయి కొత్త ఆకులన్నీ పచ్చగానే వచ్చాయి. దానికి వెలుతురు ఉంటేనే రంగు.

మనీప్లాంట్ గురించి ఒక మాట. సీసాలో నీళ్లు పోసి పెంచితే అరచేతిలో సగం ఉండే ఆకు, వేపచెట్టు మొదలును పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టాక ఒక్కో ఆకూ పెద్దదవుతూ పోతుంది. బాగా పాకిన చోట ఆకు పళ్లెమంత అయి, అంచులు చీలుతుంది కూడా. ఒకే మొక్కకు కింద నడిమి నేత, పైన ముతక నేత! చాలామంది రెండూ ఒకటే మొక్కంటే నమ్మరు.

అయితే మనీప్లాంట్, చేమ, డిఫెన్‌బాకియా వంటి మొక్కల ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూది స్ఫటికాలు ఉంటాయి. పచ్చి ఆకు నమిలితే నాలుక, గొంతు మండి వాస్తాయి. డిఫెన్‌బాకియా ఆకు ఎంత ముద్దొచ్చినా ప్రాథమిక తరగతుల పిల్లలు తిరిగే చోటని మేము తీసుకోలేదు. చేమ, మనీప్లాంట్ దగ్గర 'నోట్లో పెట్టుకోవద్దు' అని తెలుగు, హిందీ, మరాఠీల్లో పలకలు పెట్టాం. ఆ మొక్కలు కోస్తే చేతులు కడుక్కోండి.

స్నేక్ ప్లాంట్ చేసిన మాయ

ఈ తప్పు ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే అందరూ చేస్తారు. మా స్నేక్ ప్లాంట్లకు ఆకు అంచున పసుపు చార ఉంటుంది. మొక్కలు పెంచడానికి ఒక ఆకును నాలుగు ముక్కలు కోసి ఇసుకలో గుచ్చాం. కొన్ని నెలలకు పిలకలు వచ్చాయి. అంతా గంతులేశాం. కాని పిలకల్లో ఒక్కదానికీ పసుపు అంచు లేదు!

కారణం జీవశాస్త్రం సార్ చెప్పారు. ఆ ఆకులో రెండు రకాల కణాలు పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి. పత్రహరితం సరిగా లేనివి అంచున, ఉన్నవి మధ్యలో. కోసిన ముక్క నుంచి కొత్త మొక్క పుట్టేది లోపలి పచ్చకణాల నుంచి. కాబట్టి అంచు రాదు. చార నిలవాలంటే ఆకు కోయకూడదు, నేలలో ఉన్న దుంపను పిలకతో సహా విడదీసి నాటాలి.

తెల్ల చారలున్న మనీప్లాంట్‌ది ఇంకో రకం కథ. అప్పుడప్పుడు దానికి చారల్లేని పచ్చ కొమ్మ ఒకటి పుడుతుంది. ఆ కొమ్మకు పత్రహరితం ఎక్కువ, కాబట్టి ఆహారం ఎక్కువ తయారుచేసుకుని వేగంగా పెరుగుతుంది. అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు తెల్లచారలవాటిని కప్పేస్తుంది. కనిపించగానే మొదట్లోకి కోసేయాలి.

నలభై రోజులు

తోట అందంగా ఉందని డిసెంబరులో అందరూ అన్నారు. మా భయమంతా మే నెల గురించి. పోయినసారి పుల్లలు మిగిలిన సంగతి మేము మరచిపోలేదు.

ఇక్కడ కూడా ఆకును చదవడమే పనికొచ్చింది. కలబంద, స్నేక్ ప్లాంట్ల ఆకులు మందం. పైగా అవి చాలా మొక్కల్లా పగలు కాక రాత్రి చల్లబడ్డాక పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. అందుకే పగటి ఎండకు నీరు పోగొట్టుకోవు. వాటికి వారానికోసారి నీళ్లు చాలు. శతావరికి నేలలో దుంపవేర్లుంటాయి, అది ఓర్చుకుంటుంది. వాము ఆకు పరవాలేదు. చేమ, అరటి మాత్రం కష్టం.

ఫిబ్రవరి, మార్చిలో వేప ఆకు రాలుస్తుంది. పోయిన ఏడాది దాన్ని ఊడ్చి తగలబెట్టారు. ఈసారి మేము అడిగి ఆపించి, రాలిన ఆకంతా మొక్కల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన పరిచాం. చేమ, అరటి దగ్గర మట్టికుండలు మూడు మెడవరకూ పాతాం. కుండకు రంగు, పాలిష్ ఉండకూడదు. అందులో నీళ్లు నింపి మూకుడు మూస్తే, గోడల్లోంచి నీరు మెల్లగా ఊరి చుట్టూ మట్టిని తడుపుతుంది. పాతకాలం నుంచి ఉన్న పద్ధతే. కాపలా ఉండే భయ్యాజీ వారానికి రెండుసార్లు కుండలు నింపడానికి ఒప్పుకున్నారు. రోజూ పైపు పట్టమని అడిగితే ఒప్పుకునేవారు కాదేమో!

జూన్‌లో బడి తెరిచిన రోజు ప్రార్థన కాకముందే అందరం అక్కడికి పరుగెత్తాం. వాము ఆకు మొక్కలు రెండు చనిపోయాయి. అరటి ఆకులు గాలికి చీలికలు పీలికలై ఉన్నాయి. అరటి ఆకు పక్క ఈనెల వెంట చీలుతుంది, గాలికి చెట్టు పడిపోకుండా అదొక ఉపాయం, కాబట్టి దానికి బెంగ లేదు. చేమ ఒక్క ఆకు కూడా మిగలలేదు. మిగతావన్నీ బతికాయి. స్నేక్ ప్లాంట్లు అసలు సెలవులు వచ్చి వెళ్లినట్టే లేవు. పది రోజుల తర్వాత మొదటి పెద్ద వాన పడింది. ఆ వారంలోనే చేమ దుంపలు చుట్టచుట్టిన ఆకులను పైకి పంపాయి. చేమాకు మీద వానచుక్క ముత్యంలా దొర్లడం చూడడానికి ఒకటో తరగతి పిల్లలు క్యూ కట్టారు. ఆకు మీది కంటికి కనిపించని మైనపు గరుకుదనం వల్ల నీరు అంటుకోదు. అది కూడా నేతే.

మన మొక్కలు మనకు కనిపించిన చోటు

బ్రెజిల్ దేశంలో రాబర్టో బర్లే మార్క్స్ అనే గొప్ప తోటల రూపశిల్పి ఉండేవారు. 1909లో పుట్టి 1994లో మరణించారు. ఆకుల నేతనూ రంగునూ పెద్ద పెద్ద గుంపులుగా పరిచి, చిత్రపటాల్లాంటి తోటలు వేయడంలో ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. ఆయన యువకుడిగా 1928లో కుటుంబంతో జర్మనీ వెళ్లారు. అక్కడ బెర్లిన్‌లోని డాలెమ్ వృక్షోద్యానంలో, గాజు ఇళ్లలో అపురూపంగా పెంచుతున్న తమ బ్రెజిల్ మొక్కలను చూసి ఆశ్చర్యపోయారట. అప్పట్లో బ్రెజిల్ పెద్ద ఇళ్ల తోటల్లో యూరప్ మొక్కలకే గౌరవం. ఇంటిదగ్గర కలుపుగా చూసినవే ఎంత అందమైనవో ఆయనకు పరాయి ఊళ్లో తెలిసింది.

ఇది చదివినప్పుడు మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నిమ్మగడ్డి, పసుపు, చేమ, గోరింట మా అమ్మమ్మల పెరళ్లలోవే. అక్కడున్నప్పుడు వాటిని తోట అనుకోలేదు, పెరడు అనుకున్నాం అంతే. ఇక్కడి మా మరాఠీ స్నేహితులకూ అలాంటివి ఉన్నాయి. దసరాకు తెలంగాణలో జమ్మి ఆకును 'బంగారం' అని పెద్దల చేతిలో పెడతారు. ఇక్కడ ఆపటా ఆకును అలాగే 'సోనం' అని ఇస్తారు. ఒకటి సన్న నేత, ఇంకొకటి రెండు రేకులు కలిసిన ఆకు. ఈ దసరాకు మా మూలలో రెండూ పంచుకున్నాం. క్రోటన్లు కొన్న నర్సరీ యజమానిని అవి ఎక్కడివని అడిగితే 'కడియం లారీ' అన్నాడు. తూర్పుగోదావరి వైపు పిల్లలు మాలో ఇద్దరున్నారు, వాళ్లు చాలాసేపు గర్వంగా నడిచారు. రాజమహేంద్రవరం పక్కన కడియం నర్సరీల మొక్కలు దేశంలో చాలా రాష్ట్రాలకు వెళ్తాయి. మాకంటే ముందే అవి బదిలీ మీద వచ్చేశాయి.

సామాను లారీలో తోట ఎక్కదు. కొమ్మ ఎక్కుతుంది. వాము ఆకు కొమ్మను జానెడు పొడవున కోసి, కింది ఆకులు తీసి, తడి కాగితంలో చుడితే రెండు రోజుల రైలు ప్రయాణం ఓర్చుకుంటుంది. పోయిన ఏడాది గౌహతికి వెళ్లిన మా స్నేహితురాలు అలాగే తీసుకెళ్లింది. మొన్న ఫొటో పంపింది. ఇక్కడి ఎండకు చిన్నగా, మందంగా, నూగుగా ఉండే ఆకు అక్కడి నీడకూ తేమకూ పెద్దగా, పలచగా మారింది. 'ఇది మన మొక్కేనా?' అని అడిగాం. 'నలిపి వాసన చూశాను, మనదే' అని రాసింది.

ఇక అప్పగింత. పసుపు ఆకులు జనవరికల్లా ఎండిపోయాయి, అది మామూలే. దుంపలు తవ్వి, విత్తనానికి కొన్ని ఉంచాం. ల్యాబ్ అల్మరా కింది అరలో గోనెసంచిలో ఉన్నాయి. జూన్‌లో తొలి వానలకు నాటాలి, లేకపోతే చేమకూ వాము ఆకుకూ మధ్య పెద్ద ఖాళీ కనిపిస్తుంది. మట్టికుండల్లో ఒకటి పగిలింది, మేలోపు మార్చాలి. గోరింట కంచెను వానలకు ముందొకసారి, దసరా తర్వాత ఒకసారి కత్తిరించండి. కోసిన ఆకు పారేయకండి, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వేపచెట్టుకు ఉత్తరం వైపున్న తెల్లచారల మనీప్లాంట్‌లో పోయిన వారం పూర్తి పచ్చ కొమ్మ ఒకటి కనిపించింది. మా పరీక్షలయ్యేలోపు మేమే కోసేస్తాం. మళ్లీ వస్తుంది, చూస్తూ ఉండండి.